ఉంగరాల లెక్క పక్కన పెడితే: హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఏ క్వార్టర్‌బ్యాక్ అర్హుడు?

అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1971 జనవరి చివర్లో జరిగిన డ్రాఫ్ట్‌లో మొదటి మూడు పేర్లూ క్వార్టర్‌బ్యాక్‌లవే, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాళ్లవే. ముందు జిమ్ ప్లంకెట్, తర్వాత ఆర్చీ మానింగ్, మూడో పేరు డాన్ పాస్టొరీనీ. ఇలినాయ్‌లోని అగస్టానా అనే చిన్న కాలేజీ కుర్రాడు కెన్ ఆండర్సన్‌ని మూడో రౌండ్‌లో, 67వ పేరుగా సిన్సినాటి బెంగాల్స్ తీసుకుంది. ఇది జరిగి అర్ధ శతాబ్దం దాటింది. గొప్ప ఆటగాళ్లకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గురించిన వాదన మాత్రం ఇప్పటికీ ఆ డ్రాఫ్ట్‌ను వదలడం లేదు. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను రెండుసార్లు గెలిచిన ప్లంకెట్ బయటే ఉండిపోయాడు. ఆర్చీ చిన్న కొడుకు ఈలై మానింగ్ కూడా రెండు గెలిచాడు, అతనూ ఇంకా బయటే. ఒక్కటీ గెలవని ఆండర్సన్‌దీ అదే పరిస్థితి. ఈ ముగ్గురిలో ముందు ఎవరిని లోపలికి పిలవాలని అడిగితే ఎక్కువమంది ఈలై పేరే చెబుతారు. ఆట లెక్కలు దగ్గరగా చూస్తే మాత్రం జవాబు ఆండర్సన్.

ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో 1963లో మొదలైన ఈ హాల్‌లో చోటు దొరికితే కంచు విగ్రహం పెడతారు, బంగారు రంగు కోటు తొడుగుతారు. ఆట మానేసి అయిదేళ్లు గడవాలి. ఎక్కువగా క్రీడా పాత్రికేయులే ఉండే 50 మంది కమిటీలో 80 శాతం, అంటే 40 మంది ఒప్పుకోవాలి. ఇన్ని గజాలు విసిరితే చాలు, ఇన్ని కప్పులు గెలిస్తే చాలు అని ఎక్కడా రాసి లేదు. మైదానంలో ఏం చేశాడో అంతవరకే చూడమని మాత్రం నిబంధన ఉంది. కొలబద్ద లేని చోట అందరికీ సులువుగా దొరికేది సూపర్ బౌల్ గెలిస్తే ఇచ్చే ఉంగరం. దాన్ని లెక్కపెట్టడానికి ఆట తెలియాల్సిన పని లేదు.

క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఈ అలవాటు మరీ ముదిరిపోయింది. జట్టు గెలిస్తే గెలుపు అతని పేరున, ఓడితే ఓటమి అతని పేరున రాస్తారు. ఇంకే స్థానంలో ఆడేవాడికీ ఈ గెలుపోటముల ఖాతా ఉండదు. నిజానికి బంతి అవతలి జట్టు చేతిలో ఉన్నంతసేపూ క్వార్టర్‌బ్యాక్ గీత బయటే ఉంటాడు. కిక్‌లు కొట్టేవాళ్లు వేరు, ప్రత్యర్థిని అడ్డుకునేవాళ్లు వేరు. ఆటలో సగం అతని చేతుల్లో లేకపోయినా ఫలితం మొత్తం అతని నెత్తినే పడుతుంది.

ఈలై కథలో ఇది ఎంత లోతుగా ఉందో చెప్పడానికి ఒక్క నిమిషం ఆట చాలు. 2008 ఫిబ్రవరి 3, అరిజోనాలోని గ్లెండేల్. అప్పటికి 18 ఆడి 18 గెలిచిన న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ 14-10తో ముందుంది. ఈలై జట్టు న్యూయార్క్ జెయింట్స్ చేతిలో బంతి, దగ్గర దగ్గర నిమిషంన్నర ఆట మిగిలి ఉంది. ఈలై విసిరిన బంతి గురి తప్పి పేట్రియాట్స్ ఆటగాడు అసాంటె శామ్యూల్ వైపు పోయింది. అతను ఎగిరాడు, బంతి వేళ్లకు తగిలి జారిపోయింది. పట్టుకుని ఉంటే ఆట అక్కడితో సరి. తర్వాతి ప్రయత్నంలో ఇద్దరు పేట్రియాట్స్ ఆటగాళ్లు ఈలై చొక్కా పట్టి లాగుతున్నారు. అతను ఎలాగో గుంజుకుని బయటపడి, వెనక్కి జరిగి, మైదానం నడుమకు బంతిని ఎత్తి విసిరాడు. డేవిడ్ టైరీ గాల్లో దాన్ని అందుకుని, కుడి చేత్తో తన హెల్మెట్‌కు అదిమిపెట్టి, మీద పడి లాగేస్తున్న రాడ్నీ హారిసన్‌తో కలిసి కింద పడ్డాడు. బంతి నేలకు తగల్లేదు. 32 గజాలు వచ్చాయి. ఆ సీజన్ లీగ్ ఆటలన్నిటిలో కలిపి టైరీ పట్టింది నాలుగే పాస్‌లు. ఇంకా 35 సెకన్లు ఉండగా ప్లాక్సికో బరెస్‌కు టచ్‌డౌన్ పాస్ (ప్రత్యర్థి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్), 17-14తో జెయింట్స్ గెలుపు, ఈలైకి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ పురస్కారం.

ఆ గుంజుకుని బయటపడటం ఈలై సొంత ప్రతిభే, అందులో సందేహం లేదు. శామ్యూల్ వేళ్ల సందు మాత్రం ఈలైది కాదు. ఆ సీజన్‌లో 589 పాయింట్లతో అప్పటికి రికార్డు సృష్టించిన పేట్రియాట్స్‌ను 14 దగ్గర కట్టిపడేసిన పని కూడా ఈలైది కాదు. పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని అయిదుసార్లు పడగొట్టినవాళ్లు జెయింట్స్ డిఫెన్స్ ఆటగాళ్లు. ఈ రాత్రిని ఈలై ఖాతాలో మొత్తంగా జమ వేస్తే మిగతావాళ్ల వాటా ఎటు పోయినట్టు?

2011 సీజన్ విషయం వేరు. అక్కడ ఈలైకి పూర్తి మార్కులు వెయ్యాల్సిందే. 4,933 గజాలు, నాలుగో క్వార్టర్‌లోనే 15 టచ్‌డౌన్ పాస్‌లు, తొమ్మిది గెలిచి ఏడు ఓడిన, పెద్దగా నిలకడ లేని జట్టును భుజాన వేసుకుని సూపర్ బౌల్ దాకా మోశాడు. ఫైనల్ చివర్లో మారియో మానింగ్‌హామ్‌కు గీత అంచున విసిరిన 38 గజాల పాస్ ఈ ఆటలో ఎవరైనా విసిరిన మంచి పాస్‌లలో ఒకటి. దానికి అదృష్టం అని పేరు పెడితే అన్యాయం.

కానీ పదహారు సీజన్ల మనిషిని రెండు శీతాకాలాలతో తూచలేం. లీగ్ ఆటల్లో అతని ఖాతా 117 గెలుపులు, 117 ఓటములు. 366 టచ్‌డౌన్‌లకు 244 ఇంటర్‌సెప్షన్‌లు, అంటే ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు. మూడు సీజన్లలో లీగ్ మొత్తం మీద ఎక్కువ ఇంటర్‌సెప్షన్‌లు అతనివే. లీగ్ ఆటల తర్వాతి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్‌లో గెలిచిన ఎనిమిదీ ఆ రెండు సీజన్లలోనివే. ఇంకో నాలుగుసార్లు ప్లేఆఫ్స్‌కు వెళ్లి నాలుగుసార్లూ మొదటి ఆటకే ఇంటికొచ్చాడు. ఏ ఒక్క ఏడాదీ అతణ్ని ఆ ఏటి మేటి ఆటగాళ్ల ఆల్-ప్రో జట్టులోకి, మొదటి జట్టు సంగతి అటుంచి రెండో జట్టులోకి కూడా, ఎవరూ ఎంచలేదు. వరసగా 210 లీగ్ ఆటలకు దిగిన ఓపిక మెచ్చుకోదగ్గదే. ఓపిక, గొప్పతనం ఒకటి కావు. జెయింట్స్ పేరుకు న్యూయార్క్ జట్టయినా ఆడేది న్యూజెర్సీలో. ఎడిసన్ చుట్టుపక్కల పెరిగిన తెలుగు పిల్లలకు అది సొంతూరి జట్టు. వాళ్లతో ఈ వాదన పెట్టుకునేవాళ్లు కాస్త దూరంగా కూర్చుని పెట్టుకోవడం మంచిది.

ఈలై తరఫువాళ్లు తరచూ న్యూయార్క్ జెట్స్ పాత క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ పేరు తెస్తారు. నేమత్‌కు 173 టచ్‌డౌన్‌లు, 220 ఇంటర్‌సెప్షన్‌లు; విసిరిన పాస్‌లలో సగమే చేరాయి; అయినా 1985లో హాల్‌లోకి వెళ్లాడు. 1969 జనవరి సూపర్ బౌల్‌లో, అప్పటి పోటీ లీగ్ ఏఎఫ్‌ఎల్‌కు చెందిన, ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టుతో, గెలుస్తామని ముందే మాటిచ్చి మరీ బాల్టిమోర్ కోల్ట్స్‌ను 16-7తో ఓడించాడు. ఆ గెలుపుతో ఒక లీగ్‌కే పరువు దక్కింది. 14 ఆటల సీజన్‌లో 4,000 గజాలు దాటిన మొదటి మనిషి కూడా అతనే. ఒక మినహాయింపును ఒప్పుకోవచ్చు గానీ, దాన్ని చూపించి ఇంకో నలుగురికి దారి ఇస్తే మినహాయింపే నియమమైపోతుంది.

ప్లంకెట్‌కూ ఇదే తర్కం వర్తిస్తుంది. అతని జీవితం ఈలై కంటే ఎంతో కష్టాల మీద నడిచింది. అమ్మానాన్నలిద్దరికీ చూపు లేదు. పేట్రియాట్స్‌లో దెబ్బలు తిన్నాడు, 49ఎర్స్ వదిలేసింది, రెయిడర్స్‌లో బెంచీ మీద కూర్చున్నాడు. 1980లో రెయిడర్స్ క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగితే ఆ చోటు ప్లంకెట్‌కు దక్కింది. కాలు విరిగినవాడు ఎవరో కాదు, 1971 డ్రాఫ్ట్‌లో మూడో పేరైన పాస్టొరీనీ. ఆ ఏడాదే సూపర్ బౌల్, మూడేళ్లకు ఇంకొకటి. కథగా చెప్పుకుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. లీగ్ ఆటల్లో ఖాతా చూస్తే 72-72, ప్లేఆఫ్స్ గెలుపులు ఎనిమిది. ఈలైది కూడా సరిగ్గా సగం, అక్కడా ఎనిమిదే. 164 టచ్‌డౌన్‌లకు 198 ఇంటర్‌సెప్షన్‌లున్న మనిషిని ఏ ఒక్క ఏడాదీ మేటి ఆటగాళ్ల ఆట అయిన ప్రో బౌల్‌కు పిలవలేదు. ప్లంకెట్‌ను దశాబ్దాలుగా కాదంటూ వచ్చిన కమిటీ ఈలైని అవుననాలంటే కారణం చెప్పాలి. ఇంటిపేరు, న్యూయార్క్ అన్నవి తప్ప గట్టి కారణం కనిపించదు.

ఉంగరం కాకపోతే ఇంకేం చూడాలి? తన కాలంలో, అదే పని చేస్తున్న మిగతావాళ్లతో పోలిస్తే, కొన్నేళ్లపాటైనా అందరికన్నా ముందున్నాడా అన్నది చూడాలి. ఇక్కడ ‘తన కాలంలో’ అన్న షరతు చాలా ముఖ్యం. 1978లో ఎన్‌ఎఫ్‌ఎల్ నియమాలు మార్చింది. బంతి అందుకోబోయే ఆటగాడిని అయిదు గజాలు దాటాక ముట్టుకోకూడదన్నారు. క్వార్టర్‌బ్యాక్‌కు కాపు కాసేవాళ్లు చేతులు చాచి నెట్టొచ్చన్నారు. ఆ దెబ్బతో పాస్‌ల ఆట తేలికైంది, అంకెలు ఉబ్బుతూ పోయాయి. విసిరిన పాస్‌లు ఎంత ఫలించాయో ఒక్క అంకెలో చెప్పేది పాసర్ రేటింగ్. ఆండర్సన్ మొత్తం కెరీర్ పాసర్ రేటింగ్ 81.9, ఈలైది 84.1. పక్కపక్కన పెడితే ఈలై ముందున్నట్టు కనిపిస్తుంది. కానీ ఈలై రేటింగ్ అతని రోజుల్లో సగటుకు అటూ ఇటూగా ఉంటే, ఆండర్సన్ రేటింగ్ అతని రోజుల్లో సగటుకు చాలా పైన ఉండేది.

పాసర్ రేటింగ్‌లో ఏడాదికొకరు లీగ్‌లో మొదటి స్థానంలో నిలుస్తారు. ఆండర్సన్ నాలుగుసార్లు నిలిచాడు: 1974, 1975, 1981, 1982. ఈ సంవత్సరాలను జాగ్రత్తగా చూడండి. రెండు నియమాలు మారకముందు, రెండు మారాక. డిఫెన్స్ రాజ్యమేలిన రోజుల్లోనూ, పాస్ రాజ్యం మొదలైన రోజుల్లోనూ, రెండు వేర్వేరు ఆటల్లో ఒకే మనిషి అగ్రస్థానంలో నిలవడం మామూలు విషయం కాదు. ఆ స్థానంలో నాలుగుసార్లు నిలిచిన రోజర్ స్టాబాక్, ఆరుసార్లు నిలిచిన స్టీవ్ యంగ్ ఇద్దరూ ఎప్పుడో కాంటన్ చేరారు. 1981లో లీగ్ మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ ఆండర్సనే. 1982లో విసిరిన పాస్‌లలో 70.6 శాతం చేరవేశాడు. ఆ రికార్డు 2009లో డ్రూ బ్రీస్ దాటేదాకా నిలిచింది.

ఆండర్సన్ ఆటకు ఇంకో విలువ కూడా ఉంది. బెంగాల్స్‌లో పాస్‌ల పాఠాలు చెప్పింది అప్పటికి సహాయ కోచ్‌గా ఉన్న బిల్ వాల్ష్. దూరం విసిరి దేవుడి మీద భారం వెయ్యకుండా, అడుగుల లెక్క ప్రకారం చిన్న చిన్న పాస్‌లు విసురుతూ మైదానం దాటే పద్ధతి సిన్సినాటిలోనే రూపు దిద్దుకుంది. ఆ పద్ధతికి తొలి గొప్ప శిష్యుడు ఆండర్సన్. ముఖ్య కోచ్ పాల్ బ్రౌన్ తప్పుకున్నాక ఆ పదవి వాల్ష్‌కు దక్కలేదు. అతను చివరకు శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌కు ముఖ్య కోచ్‌గా చేరి, క్వార్టర్‌బ్యాక్ జో మాంటానాతో అదే పద్ధతిని ప్రపంచానికి చూపించాడు. 1982 జనవరి 24న పాంటియాక్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో ఆండర్సన్‌ను ఓడించింది తన గురువే.

ఆ ఆటను కూడా దగ్గరగా చూడాలి. మొదటి సగంలో బెంగాల్స్ చేజేతులా బంతి పోగొట్టుకుంటూ 20-0తో వెనకబడింది. ఆండర్సన్ ఇంటర్‌సెప్షన్ కూడా అందులో ఉంది, అతనికి ఆ తప్పులో వాటా ఉంది. రెండో సగంలో పుంజుకున్నారు. మూడో క్వార్టర్‌లో ప్రత్యర్థి చివరి గీతకు మూడు గజాల దూరంలో నాలుగు ప్రయత్నాలు చేతిలో ఉన్నాయి. మొదటిసారి పీట్ జాన్సన్ బంతితో దూరి ఒక గజం దూరం దాకా వచ్చాడు. రెండోసారి గోడకు తగిలినట్టు ఆగాడు. మూడోసారి ఆండర్సన్ పక్కకు విసిరితే చార్ల్స్ అలెగ్జాండర్ బంతి పట్టాడు, గీత అడుగు దూరంలో ఉంది. డాన్ బంజ్ అతణ్ని అక్కడికక్కడే నిలువునా పట్టి వెనక్కి పడేశాడు. నాలుగోసారి మళ్లీ జాన్సన్, మళ్లీ గోడ. చివరికి 26-21తో ఓటమి. ఆండర్సన్ 34 పాస్‌లలో 25 చేరవేశాడు, 300 గజాలు, రెండు టచ్‌డౌన్‌లు. అలెగ్జాండర్ ఇంకో అడుగు లోపలికి నిలబడి పట్టి ఉంటే ఆండర్సన్ ఏనాడో కాంటన్‌లో ఉండేవాడు. శామ్యూల్ వేళ్లు ఇంకాస్త గట్టిగా బిగిసి ఉంటే ఈలై పేరు మీద ఇంత చర్చే జరిగేది కాదు. ఇలాంటి అంగుళాల తేడాలను ఒకరి కెరీర్ మొత్తానికి తీర్పుగా చేయడం ఆటను చదవకుండా స్కోరు మాత్రం చదవడమే.

రెండు వారాల ముందు అదే ఆండర్సన్ సిన్సినాటిలో సున్నాకు 23 డిగ్రీల సెల్సియస్ కింద, ఎముకలు కొరికే గాలిలో శాన్ డియేగో చార్జర్స్‌ను 27-7తో ఓడించాడు. అవతల ఉన్న క్వార్టర్‌బ్యాక్ డాన్ ఫౌట్స్. ఫౌట్స్ జీవితంలో ఒక్క సూపర్ బౌల్ కూడా ఆడలేదు. 1993లో హాల్‌లోకి వెళ్లాడు, న్యాయంగానే వెళ్లాడు. వీవీఎస్ లక్ష్మణ్ ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడలేదని అతని 134 టెస్టులను హైదరాబాద్‌లో ఎవరూ తక్కువ చేయరు కదా. ఫౌట్స్‌కు దక్కింది అలాంటి గౌరవమే. మరి ఆండర్సన్‌కు ఎందుకు దక్కలేదు? 1970ల చివర్లో రెండు మూడేళ్లు గాయాలతో, నాసిరకం జట్టుతో అతని ఆట బాగా పడిపోయింది. ప్లేఆఫ్స్‌లో గెలిచింది రెండే, ఓడింది నాలుగు. సిన్సినాటి చిన్న మార్కెట్, అతను మాటకారి కాదు. మొదటి రెండూ నిజమైన లోపాలే, తూకంలో వెయ్యాల్సినవే. మూడోదానికి తూకంలో చోటే ఉండకూడదు.

మిగతా పాతవాళ్లలో స్టీవ్ మెక్‌నేర్, డోనవాన్ మెక్‌నాబ్, రాండల్ కనింగ్‌హామ్ పేర్లు వినిపిస్తుంటాయి. మెక్‌నేర్ 2003లో పేటన్ మానింగ్‌తో కలిసి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ పురస్కారం పంచుకున్నాడు, కానీ ఆ ఎత్తు ఎక్కువ కాలం నిలవలేదు. మెక్‌నాబ్ నిలకడగా మంచివాడు, లీగ్‌లో అందరికన్నా మేటి అని ఏ ఏడాదీ అనిపించుకోలేదు. కనింగ్‌హామ్ 1990లో 30 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి 942 గజాలు పరిగెత్తాడు, 1998లో మిన్నెసోటా వైకింగ్స్‌ను 15-1కి చేర్చాడు. ఈ రెండు శిఖరాల మధ్య ఖాళీ లేకుంటే అతని గురించి ఇంకో వ్యాసం రాయాల్సి వచ్చేది. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లైన వీళ్లందరికీ ముందు దారి వేసిన వారెన్ మూన్‌ను 1978లో ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. కెనడా వెళ్లి అక్కడి లీగ్ ట్రోఫీలైన గ్రే కప్పులు అయిదు గెలిచొచ్చాక గానీ ఎన్‌ఎఫ్‌ఎల్ తలుపు తెరవలేదు. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లకు అరుదుగా తప్ప అవకాశం ఇవ్వని ఆ రోజుల్లో ఎంతమంది అంకెలు పుట్టకుండానే పోయాయో ఏ రేటింగూ చెప్పలేదు.

ఇటీవలివాళ్లలో 2004 డ్రాఫ్ట్ త్రయం ఆసక్తికరం. ఆ ఏడాది మొదటి పేరు ఈలై; చార్జర్స్ తీసుకుని, నాలుగో పేరైన ఫిలిప్ రివర్స్ కోసం జెయింట్స్‌తో మార్చుకుంది. పదకొండో పేరు బెన్ రోత్లిస్‌బర్గర్. రివర్స్ ఒక్క సూపర్ బౌల్ కూడా ఆడలేదు గానీ 2020 నాటికి 421 టచ్‌డౌన్‌లతో, 63,440 గజాలతో ఈలైని అన్ని వైపులా దాటేశాడు. 2008 జనవరిలో మోకాలి లిగమెంట్ తెగి కూడా పేట్రియాట్స్ మీద ప్లేఆఫ్ ఆడాడు. ఏడాది తర్వాత ఏడాది ఎవరు మెరుగ్గా ఆడారంటే రివర్సే. అతని దరఖాస్తు మాత్రం చిత్రమైన మలుపు తిరిగింది. 2025 డిసెంబర్‌లో, 44 ఏళ్ల వయసులో, హాల్ పరిశీలనలో పేరు ఉండగానే ఇండియానాపొలిస్ కోల్ట్స్ పిలిస్తే వెళ్లి మళ్లీ ఆడాడు. అయిదేళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

ఇక ఓట్ల పద్ధతి సంగతి. 2025 నుంచి చివరి ఏడుగురిలో ఒక్కో సభ్యుడు అయిదుగురికి ఓటెయ్యాలి. 50 మంది అయిదేసి అంటే 250 ఓట్లు. ఏడుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి 36 కూడా రావు, కావాల్సినవి 40. ఆ మొదటి ఏడాది మొత్తం నలుగురే లోపలికి వెళ్లారు. పాతవాళ్ల సంగతి ఇంకా ఇరుకు. పాతికేళ్ల కిందటే ఆట మానేసిన ముగ్గురిని, ఒక కోచ్‌ను, ఒక నిర్వాహకుడిని ఒకే జాబితాలో పెట్టి, అయిదుగురిలో ముగ్గురికే ఓటెయ్యమంటారు. 2026లో ఆ జాబితాలో ఆండర్సన్‌తో పాటు పాత ఆటగాళ్లు రోజర్ క్రెయిగ్, ఎల్.సి. గ్రీన్‌వుడ్, పేట్రియాట్స్ యజమాని రాబర్ట్ క్రాఫ్ట్, ఆరు సూపర్ బౌల్‌లు గెలిచిన కోచ్ బిల్ బెలిచిక్ ఉన్నారు. క్రెయిగ్ ఒక్కడే గట్టెక్కాడు. బెలిచిక్‌కే 40 ఓట్లు రాని చోట ఆండర్సన్‌కు రాలేదని ఆశ్చర్యపోవాల్సింది లేదు. వృద్ధ ఆటగాడిని కోచ్‌తో, యజమానితో పోటీ పెట్టడం అర్థం లేని పని. పాతవాళ్లకు విడిగా అవును-కాదు ఓటు పెడితే సగం చిక్కు విడిపోతుంది. రెయిడర్స్ పాత క్వార్టర్‌బ్యాక్ కెన్ స్టేబ్లర్ 2015 జులైలో చనిపోతే ఏడు నెలలు తిరక్కముందే హాల్‌కు ఎంపిక చేశారు. ఆండర్సన్‌కు 2026 ఫిబ్రవరిలోనే 77 ఏళ్లు నిండాయి.

2027లో రోత్లిస్‌బర్గర్ వంతు వస్తుంది. అప్పుడు ఈలై దరఖాస్తు నెగ్గడం మరింత కష్టమవుతుంది. ఇద్దరిదీ ఒకే డ్రాఫ్ట్, ఇద్దరికీ రెండేసి ఉంగరాలు, కానీ ఒకరి ఖాతా 117-117, ఇంకొకరిది 165-81-1. 2028లో 2016 మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ మ్యాట్ ర్యాన్ వస్తాడు. 62,792 గజాలు, 381 టచ్‌డౌన్‌లు ఉన్నా, సూపర్ బౌల్‌లో 28-3 ఆధిక్యం పోగొట్టుకున్న జట్టు క్వార్టర్‌బ్యాక్ అన్న ముద్ర వదలదు. ఆ 28 తర్వాత ప్రత్యర్థిని ఆపాల్సిన డిఫెన్స్‌లో అతను లేడన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. పైగా ఆ రాత్రి అతణ్ని 34-28తో ఓడించిన టామ్ బ్రేడీ కూడా అదే ఏడాది అర్హుడవుతాడు. బ్రేడీకి 50 ఓట్లూ పోతే, చివరి ఏడుగురిలో మిగిలిన ఆరుగురికి 200 ఓట్లు, సగటున ముప్పై మూడు. ర్యాన్‌కు ఆ ఏడాది రావడం కష్టమే, తర్వాతి ఏడాది మాత్రం రావాలి.